ఎంత ఫీజు కట్టాలి?

తెలుగులో ఫీజు కట్టడమనే మాటకు రెండు అర్థాలున్నవి. జూన్ నెల వచ్చిందంటే పిల్లల బడికి కట్టే ఫీజు ఒకటి. గాలివానలో దీపాలారిపోయిన రాత్రి స్టూలెక్కి, నోట టార్చి కరచుకుని, పింగాణీ దిమ్మకు కట్టే ఫీజు రెండవది. మొదటిది యెంత తక్కువైతే అంత మేలని ప్రతి తండ్రీ అనుకుంటాడు. రెండవదాని దగ్గరకు వచ్చేసరికి మాత్రం యెక్కడలేని ధారాళం పుట్టుకొస్తుంది. "మాటిమాటికీ పోతున్నది, కాస్త లావు తీగ వెయ్యరాదూ!" అని వంటింట్లోంచి అమ్మగారు, "రెండు పేటలు మెలిపెట్టి కట్టరా" అని వసారాలోంచి తాతగారు సలహా యిస్తారు. యీ ధారాళం గోడమీది ఫీజు దగ్గరే ప్రమాదం. కంప్యూటరు పెట్టెలో దాగివున్న చిన్న ఫీజు దగ్గర మరీ ప్రమాదం. ఆ చిన్నదాన్ని గురించే యీ వ్యాసం.

పరకాల బస్టాండు దాపున ఒక జిరాక్సు దుకాణం వున్నదనుకుందాం. పరకాల పూర్వం వరంగల్లు జిల్లాలోది, 2021 నుంచి హనుమకొండ జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా దుకాణం దుకాణమే. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను; అన్నదమ్ములిద్దరి జీవనమూ వాటిమీదనే. చుట్టుపట్ల వూళ్ళనుంచి పరీక్షల దరఖాస్తులకని, ధ్రువపత్రాల కాగితాలకని జనం వస్తారు. దరఖాస్తుకు ఆఖరు రోజు. బెంచీమీద నలుగురు పిల్లలు కూర్చుని వున్నారు. సరిగ్గా అప్పుడే కంప్యూటరు టప్పుమని ఆగిపోయింది. తమ్ముడు స్క్రూలు విప్పి, వెనుకవైపు ఫ్యాను వున్న యినుప డబ్బా బయటికి తీశాడు. లోపల చిటికెనవేలి కణుపంత గాజుగొట్టం నల్లగా మాడి వున్నది.

"అన్నా, ఫీజు కొట్టేసింది!"

"ఎన్ని ఆంపులది రా?"

"ఐదు అని ఉన్నది."

"పదిది యెయ్యి తమ్మీ, మల్ల పోకుంట ఉంటది."

అన్న చెప్పినదాంట్లో తప్పేమున్నదని మీరు అనుకోవచ్చు. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టమనలేదు. రెండు కొసలకూ రాగిపోగు వేసి టంకం పెట్టమనలేదు. (యీ రెండూ చేసే ప్రబుద్ధులు మనలో లేకపోలేదు.) దుకాణంలో డబ్బు పెట్టి కొనే అసలైన ఫీజునే వెయ్యమన్నాడు. అయినా అదీ ఆ వెండికాగితానికి తమ్ముడే. యెందుకో చూద్దాం.

తీగ మర్మం

ఫీజన్నది తెలిసి తెలిసి బలహీనంగా చేసిన తీగ. విద్యుత్తు పోయే దారిలో అన్నిటికంటే ముందు తెగవలసినది అదే కాబట్టి దాన్ని అలా చేశారు. టెలిగ్రాఫు ఆఫీసులకు పిడుగుల బాధ తప్పించడానికి సన్నని తీగలు వాడమని 1847లోనే బ్రెగే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పాడు. తరువాత యెడిసన్ దీపాల సరఫరాకు దాన్ని పనికి తెచ్చి, 1890లో పేటెంటు పుచ్చుకున్నాడు.

తీగలో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు, మూడింతలయితే వేడి తొమ్మిదింతలు. అందుచేతనే ఫీజు తన హద్దులో వున్నంతకాలం చల్లగా కూర్చుని, హద్దు బాగా దాటగానే ఒక్కసారిగా కరిగిపోతుంది. తీగ లావుకూ కరిగే కరెంటుకూ వున్న సంబంధం కూడా మన లెక్కకు అందేది కాదు. తీగ వ్యాసం రెట్టింపు చేస్తే కరెంటు రెట్టింపుతో ఆగదు, సుమారు 2.8 రెట్లదాకా ఓర్చుకుంటుంది. గోడమీది పింగాణీ ఫీజుకు వాడే తగరపు పూత రాగితీగలో 5 ఆంపియర్లకు 0.20 మిల్లీమీటర్లు చాలు, 15 ఆంపియర్లకు 0.50 కావాలి. చేతికి దొరికిన రాగిపోగు చుట్టేవాడు యీ కొలత చూడడు. ఆ పోగు ముప్ఫయి ఆంపియర్లది కావచ్చు, నలభైది కావచ్చు.

పరకాల దాటి భూపాలపల్లి దారిన పోతే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం వున్నది. 2010లో 500 మెగావాట్ల యంత్రం, 2016లో 600 మెగావాట్ల యంత్రం అక్కడ పని మొదలుపెట్టినవి. అలాంటి కేంద్రాలన్నీ ఒకే వలలో కలిసి, ఆ వల కొస మన గోడమీది ప్లగ్గుదాకా వచ్చింది. అంత శక్తికీ, మన బల్లమీది పెట్టెకూ మధ్య నిలబడిన కాపలావాడు వెంట్రుకంత తీగ!

పెట్టెలో యేమున్నది?

పాత రేడియోల్లో బరువైన ట్రాన్స్‌ఫార్మరు వుండేది. కంప్యూటరు డబ్బాలో వుండేది వేరు పద్ధతి. మన మెకానిక్కులు దాన్ని ఎస్.ఎం.పి.యస్. అంటారు. 1977లో వచ్చిన ఆపిల్-2 యంత్రంలో యీ పద్ధతి సప్లై వుండేది. 1981లో ఐ.బి.యం. పి.సి. వచ్చినప్పుడు దాని సప్లై కేవలం 63.5 వాట్లు. యిప్పుడు సామాన్యమైన యింట్లో కూడా 450 వాట్లని రాసివున్న డబ్బాలు కనిపిస్తున్నవి.

గోడనుంచి వచ్చిన 230 వోల్టులు ముందుగా ఫీజు గుండా పోతవి. ఆ తరువాత నాలుగు డయోడ్ల వంతెన దాటి, డబ్బాల్లాంటి పెద్ద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల తిన్నని కరెంటుగా నిలువవుతవి. అక్కడినుంచి ట్రాన్సిస్టర్లు దాన్ని సెకనుకు వేలసార్లు తుంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మరులో దింపి, 12, 5, 3.3 వోల్టులుగా కంప్యూటరుకు అందిస్తవి.

యిక లెక్క. డబ్బా 450 వాట్లు యివ్వాలంటే దారిలో వృథా అయ్యేది కలుపుకుని గోడనుంచి సుమారు 560 వాట్లు పుచ్చుకుంటుంది. 560ని 230తో భాగిస్తే రెండున్నర ఆంపియర్లకు కాస్త తక్కువ. అయితే చవకరకం డబ్బాలు కరెంటును నిలకడగా తాగవు. అల వచ్చే ప్రతిసారీ శిఖరం దగ్గర గబుక్కున గుక్క వేస్తవి. యీ దుడుకుతనం వల్ల తీగ మోసే కరెంటు పెరిగి నాలుగు ఆంపియర్లకు వస్తుంది. అందుకని చేసినవాడు 5 ఆంపియర్ల ఫీజు పెట్టాడు.

యెండాకాలంలో మోటార్లన్నీ ఒక్కసారి నడిచి వోల్టేజి 180కి దిగినప్పుడు యేమవుతుంది? పాతకాలపు బల్బు అయితే కరెంటు తక్కువ తీసుకుని మసకబారుతుంది. యీ డబ్బా సంగతి తలక్రిందులు. దానికి కావలసిన వాట్లు దానికి కావాలి గనుక, వోల్టులు తగ్గితే ఆంపియర్లు యెక్కువ లాగుతుంది. నిండా బరువు మీద వుంటే 5.2 ఆంపియర్లదాకా పోతుంది. దానికి కూడా భయపడనక్కరలేదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన యిలాంటి ఫీజు తనమీద రాసిన దానికి ఒకటిన్నర రెట్లు గంటసేపు మోసినా తెగకూడదు. 5 ఆంపియర్లది ఏడున్నర మోస్తుందన్నమాట.

యింతకీ పరకాల దుకాణంలాంటి చోట దరఖాస్తులు నింపే కంప్యూటరు నిజంగా తినేది వంద వాట్ల ప్రాంతం. అంటే దాదాపు ఒక్క ఆంపియరు. ఏడున్నర మోయగలవాడికి ఒక్కటి బరువై కూలిపోయాడంటే నమ్మడం యెలాగ? ఫీజు పోవడానికి కారణం బరువు కాదు, లోపల మరొకటేదో చెడివుండాలి. అన్న చెప్పిన "పదిది యెయ్యి" అనే మాట చెల్లనిది యిక్కడే.

పది వేస్తే యేమవుతుందో చెబుతాను. లోపల పూర్తిగా షార్టు అయివుంటే అదీ టప్పున పోతుంది, డబ్బు దండుగ. సగం షార్టు అయివుంటేనే ముప్పు. యెనిమిది ఆంపియర్లు పోతున్నవనుకోండి. అయిదుది తెగే దారిలో వుంటుంది. పదిది నిమ్మకు నీరెత్తినట్లు వూరుకుంటుంది. 230 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లంటే 1,840 వాట్లు. రెండు యిస్త్రీపెట్టెలు వేడిచేసి దుమ్ముపట్టిన డబ్బాలో పెట్టి మూత వేసినట్టు! పదిది గంటసేపు పదిహేను ఆంపియర్లకు కూడా ఓర్చుకుంటుంది గనుక, గోడమీద కూడా లావుతీగ కట్టివున్న యింట్లో ఆపేవాడెవడూ వుండడు. అప్పుడు ఫీజు చేయవలసిన పనిని బల్ల వెనుక, కర్టెన్ల పక్కన పడివున్న వైరు చేస్తుంది.

టోపీ మీది అక్షరాలు

ఫీజు గొట్టానికి రెండు కొసలా లోహపు టోపీలుంటవి. వాటిమీద చీమతలకాయంత అక్షరాలు చెక్కివుంటవి. భూతద్దం పట్టి చూడవలసినంత సన్నవి. ఉదాహరణకు: టి5ఎహెచ్250వి. టోపీ మాడి కనబడకపోతే ఫీజు పక్కన బోర్డుమీద యిదే సంగతి అచ్చువేసి వుంటుంది. కొనేవాళ్ళు నడిమి అంకె ఒక్కటే చదివి, మిగతాది అలంకారమనుకుంటారు. నిజానికి అంకె తప్పితే జరిగే అనర్థానికి అక్షరం తప్పితే జరిగేది యేమాత్రం తీసిపోదు.

మొదటి అక్షరం వేగం. ఎఫ్ అంటే చురుకైనది, టి అంటే నిదానమైనది. టి రకంలో కొన్నిటికి తీగ నడుమ తగరపు బొట్టు వుంటుంది, కొన్నిటిలో తీగ స్ప్రింగులా చుట్టివుంటుంది. నిదానం దేనికంటే, డబ్బాకు స్విచ్చి వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్లు దాహంతో మీద పడతవి. ఆ దూకుడుకు పగ్గం వేయడానికి ఒక నల్లని బిళ్ళ పెడతారు. అది చల్లగా వున్నప్పుడు అడ్డం పడుతుంది, వేడెక్కాక దారి యిస్తుంది. చల్లని బిళ్ళ అయిదు ఓములదైతే మొదటి దెబ్బ 65 ఆంపియర్లదాకా వుండవచ్చు. అదీ సెకనులో వెయ్యోవంతులు కొన్నిటిసేపు మాత్రమే. టి వుండవలసిన చోట ఎఫ్ పెడితే యీ రోజువారీ దెబ్బలకే అలసి తెగుతుంది. ఎఫ్ వుండవలసిన చోట టి పెడితే డయోడ్లు పోయేదాకా నిదానంగా ఆలోచిస్తుంది. యేది వుంటే అదే వెయ్యడం ఉత్తమం.

యిక్కడ ఒక మాట. కరెంటు ఒక్క రెప్పపాటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు ఆ బిళ్ళ యింకా వేడిగానే వుంటుంది, అడ్డుపడదు. అందువల్ల కరెంటు పోగానే స్విచ్చి తీసేసి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి వెయ్యడం మంచిది. ఆ రెండు నిమిషాలలో టీ తాగవచ్చు.

ఆఖరున వున్న 250వి అన్నది వోల్టులు. దీన్ని మించి వున్నా ఫరవాలేదు, తగ్గకూడదు. ఆటోలకూ కార్లకూ అమ్మే గాజు ఫీజులు చూడటానికి అన్నదమ్ముల్లాగే వుంటవి. కాని వాటిలో చాలా వాటిమీద 32 వోల్టులని వుంటుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ ముందు నిలబడేవాడు 230 ముందు నిలవలేడు. తీగ తెగినా ఆ సందులో మెరుపు నిలిచిపోయి కరెంటు పోతూనే వుంటుంది.

యెవ్వరూ పట్టించుకోని అక్షరం నడుమనున్న హెచ్. యిది యెంత పెద్ద దెబ్బను తెంచగలదో చెబుతుంది. హెచ్ అంటే 1,500 ఆంపియర్లు. ఎల్ అంటే 35 ఆంపియర్లు లేక తన అంకెకు పదిరెట్లు, యేది యెక్కువైతే అది. 5 ఆంపియర్ల ఎల్ రకం ఫీజు తెంచగలనని హామీ యిచ్చేది యాభై ఆంపియర్ల వరకే.

యాభై చాలదా? వీధి మూలనున్న 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరును చూడండి. నిండు బరువు మీద అది యిచ్చేది ఒక్కొక్క ఫేజుకు 133 ఆంపియర్లు. దాని కాళ్ళ దగ్గరే షార్టు అయితే, అలాంటి వాటికి సామాన్యంగా వుండే నాలుగున్నర శాతం అడ్డును బట్టి, సుమారు 3,000 ఆంపియర్లు దూకుతవి. స్తంభాలమీది తీగ, సర్వీసు వైరు, యింటి వైరు అన్నీ కలిసి అర ఓము అడ్డుపడినా, ప్లగ్గు దగ్గర షార్టుకు 460 ఆంపియర్లు వస్తవి. యాభైకి హామీ యిచ్చినవాడి మీద నాలుగువందల అరవై! గాజు పగిలి ముక్కలు కావచ్చు, లోపలి లోహపు ఆవిరిలో మెరుపు ఆడుతూనే వుండవచ్చు. హెచ్ రకం సాధారణంగా తెల్లని పింగాణీ గొట్టం. చాలావాటిలో సన్నని యిసుక నింపివుంటుంది. ఆ యిసుక మెరుపును మింగి ఆర్పుతుంది. తీగ తెగిందో లేదో కంటికి కనబడదనే కోపంతో కొందరు దాన్ని పారేసి గాజుది వేస్తారు. కనబడకపోతే యేం, మీటరు పెట్టి చూడవచ్చు.

హెచ్ బదులు ఎల్ యెప్పుడూ వెయ్యవద్దు. ఎల్ బదులు హెచ్ అయితే, మిగతావన్నీ ఒకటే అయివుండి, పొడవూ లావూ సరిపోతే వెయ్యవచ్చు. యీ డబ్బాల్లో తరచు కనబడేది 20 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల లావు.

పోయిందెందుకు?

గాజుగొట్టంలో తీగ నడుమ చిన్న సందుగా తెగి, గాజు శుభ్రంగా వుంటే అది వయసు మీరి పోయివుండవచ్చు. అలాంటప్పుడు అదే రకం మరొకటి వేసి చూడటంలో తప్పులేదు. కాని గాజంతా మసి పట్టి, వెండిపూత పూసినట్టు మెరుస్తుంటే వందల ఆంపియర్లు పోయినవన్నమాటే. మన తమ్ముడు చూసినది యీ రెండవది. అప్పుడు కొత్త ఫీజు కొనేముందు డయోడ్ల వంతెననూ, ట్రాన్సిస్టర్లనూ పరీక్ష చేయించాలి.

కారణాలు మన యిళ్ళలో కొత్తవేమీ కావు. బల్లిపాటు శాస్త్రంలో బల్లి యే అవయవం మీద పడితే యే ఫలమో వరుసగా రాసివుంటుంది. యినుప డబ్బాలోని 325 వోల్టుల మీద పడితే ఫలమేమిటో మాత్రం పాపం శాస్త్రకారులకు తెలియదు. బల్లికీ డబ్బాకూ ఒకటే గతి. వెచ్చదనానికి బొద్దింకలూ చేరుతవి. వానాకాలంలో దుమ్ము చెమ్మగిల్లి అదే దారి వేస్తుంది.

పెద్ద ప్రమాదం న్యూట్రల్ తెగడం. గాలివానకు స్తంభం మీది న్యూట్రల్ తీగ తెగిందంటే, కొన్ని యిళ్ళకు 230 బదులు 400 వోల్టులదాకా రావచ్చు. టీవీలు, ఫ్రిజ్జులు వీధంతా ఒకేసారి మాడిపోయాయని వినే కబుర్ల వెనుక తరచు వుండేది యిదే. మంచి డబ్బాలో ఫీజు వెనుకనే ఒక రంగు బిళ్ళ వుంటుంది. వోల్టేజి హద్దు మీరగానే అది తాను షార్టు అయిపోయి, ఫీజును కావాలని తెగేలా చేస్తుంది. అలాంటి రోజున 5 ఆంపియర్ల ఫీజు పోతే అది లాభమే. ఆ బిళ్ళ పగిలిందేమో చూసి మార్పించుకోవాలి, కత్తిరించి పారేయకూడదు.

మరొకటి అమెరికా కంప్యూటరు. అక్కడ గోడలో వుండేది 120 వోల్టులు. పాతరకం డబ్బాల వెనుక యెర్రని స్విచ్చి మీద 115 అని ఒకవైపు, 230 అని ఒకవైపు వుంటుంది. అబ్బాయి ఆప్యాయంగా మోసుకొచ్చిన పెట్టెను ఆ స్విచ్చి 115 మీదనే వుంచి హనుమకొండలోనో పరకాలలోనో ప్లగ్గులో పెడితే, కెపాసిటర్ల దగ్గర 325కు బదులు 650 వోల్టులు తయారవుతవి. ఢామ్మనే చప్పుడు వీధిలోకి వినబడుతుంది. ఇంగ్లండునుంచి తెచ్చిన వైరయితే దాని మూడుకాళ్ళ ప్లగ్గులోనే మరో ఫీజు వుంటుంది. 1947లో వచ్చిన ప్రమాణం అది. డబ్బాలో అన్నీ బాగుండి కంప్యూటరు వెలగకపోతే ఆ ప్లగ్గు విప్పి చూడటం మరచిపోవద్దు.

మంచి మెకానిక్కును గుర్తుపట్టడానికి ఒక ఉపాయం వున్నది. పాతకాలపు ఫిలమెంటు బల్బు అరవై వాట్లది ఒకటి అతని బల్లమీద వుంటుంది. కొత్త ఫీజు వేసిన డబ్బాను తిన్నగా గోడకు తగిలించకుండా, ఆ బల్బును సిరీసులో పెట్టి తగిలిస్తాడు. బల్బు తళుక్కుమని మసకబారితే మొదటి గండం గడిచింది. భగ్గున వెలుగుతూనే వుంటే లోపల షార్టు యింకా వున్నది, అయినా ఫీజు పోలేదు. ఒక్క బల్బుతో పది ఫీజులు మిగులుతవి. ఆ బల్బు లేకుండా వరుసగా ఫీజులు మార్చి చూసేవాడి చేతికి డబ్బా యివ్వకపోవడమే మంచిది. పనికిమాలిన చవక డబ్బా అయితే మరమ్మత్తుకు పెట్టే డబ్బు కొత్తదానిలో పెట్టమని నా సలహా.

పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు యేటా చదువుతున్నాం. కంప్యూటరు డబ్బా దానికి మరీ చిన్నది గదా అని తేలికగా తీసుకోరాదు. ప్లగ్గు పీకినా ఆ పెద్ద కెపాసిటర్లలో మూడువందల వోల్టులు కొంతసేపు నిలిచివుంటవి. ఖాళీచేసే పరికరం పాడైతే చాలాసేపు వుంటవి. విద్య తెలిసినవాడు ముందు మీటరు పెట్టి, ఆ వోల్టులు దిగినవో లేదో చూసి, ఆ తరువాతనే ఫీజు మీద చెయ్యి వేస్తాడు. తెలియని పిల్లలు డబ్బా మూత విప్పరాదు. విప్పబోయే ముందే పైన అతికించిన చీటీలో ఎన్ని వాట్లో, ఎన్ని వోల్టులో రాసుకుని, మెకానిక్కు తీసిన పాత ఫీజును కాగితంలో పొట్లం కట్టి దుకాణానికి తీసుకుపొండి. "ఇలాంటిదే కావాలి, అక్షరాలతో సహా" అని అడగండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.